తలుపు లేని గోడ

కిందటి వారం దుర్గాభవానిని ఉప్పల్‌లో ఆమె దుకాణం మెట్ల మీద, చేతిలో నోటీసుతో వదిలిపెట్టాం. నాచారంలోని ఒక మూడో అంతస్తు ఫ్లాట్‌లో కామాక్షి అనే ఇల్లాలు వాషింగ్ మెషీన్ ముట్టుకుని కరెంటు తగిలి పోయింది. భర్త గోపాలరావు మెయిన్ ఆపడానికి హాల్లోకి పరుగెత్తాడు. మెయిన్ ఉండాల్సిన చోట సందు లేని చెక్క గోడ తప్ప ఏమీ లేదు. గోళ్ళతో గీరాడు, చెంబుతో బాదాడు, చివరికి మూడంతస్తులూ దిగి సెల్లారులో మీటరు దగ్గర ఆపి పైకి వచ్చేసరికి అంతా అయిపోయింది. రెండేళ్ళ కిందట ఆ ఇంటికి వైరింగ్ చేయించి, అంతా నిబంధనల ప్రకారమే ఉందని సంతకం పెట్టింది భవాని. ఆ చెక్కను సంతకం పెట్టిన మనిషే వచ్చి విప్పాలనీ, లోపల దేన్నీ కదిలించకూడదనీ, బుధవారం నాలుగింటికి తాను వచ్చి చూస్తాననీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ నోటీసు పంపాడు.

బుధవారం రానే వచ్చింది. కామాక్షి పోయి పంతొమ్మిది రోజులు.

ఉప్పల్‌లో పన్నెండింటికి స్కూటరు తీసిన భవాని హబ్సిగూడ చౌరస్తాలో కుడికి తిరగాల్సింది, తిరగలేదు. తార్నాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గానీ దారి తప్పానని తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్న దారి. బండి వెనక్కి తిప్పుకుని నాచారం వైపు వచ్చింది. తన మీద తనకు విసుగు కూడా రాలేదు.

ఈ పంతొమ్మిది రోజుల్లో ఆమె ఒక్కసారీ ఏడవలేదు. పొద్దున్నే దుకాణం తెరుస్తోంది, అడిగినవాళ్ళకు వైరు కొలిచి ఇస్తోంది, సాయంత్రం మూస్తోంది. మొన్న అన్నం తింటూ నాలుక కొరుక్కుంటే, నెత్తురు మెతుకుల మీద పడ్డాక తెలిసింది. తల్లి మల్లవ్వ చూసి భయపడింది గానీ, భవాని లేచి నోరు కడుక్కుని వచ్చి మిగతా అన్నం తినేసింది.

భవానికి నలభై రెండేళ్ళు. భువనగిరిలో లైన్‌మన్‌గా చేసిన రాజయ్య కూతురు. తండ్రి పోయాక పరీక్ష రాసి ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ పర్మిట్ తెచ్చుకుంది. తనకంటే పదకొండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు శివను దగ్గర పెట్టుకుని పని నేర్పింది. ఉప్పల్‌లో పేరున్న దుకాణమే ఆమెది. ఆడమనిషి సంతకమని మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత ఆ సంతకం కోసం వచ్చారు.

బయల్దేరేటప్పుడు శివ దుకాణం ముందు నిలబడి, "నేను గుడ రానా అక్కా?" అన్నాడు.

"వద్దు. మల్లాపూర్ పని చూసుకో."

"మనం మెయిన్‌కు తలుపు పెట్టినం గదా. ఫికర్ జెయ్యకు."

"తలుపు సంగతి సరే. లీకేజీ బ్రేకర్ ఎందుకు పడలేదు రా?"

అన్నిటికంటే ఎక్కువగా ఆమెను నిద్రపోనివ్వనిది ఆ ప్రశ్నే. కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోకి పోతే రెప్పపాటులో ఇల్లంతా ఆపేసే బ్రేకర్ అది. కొత్తది, తన చేత్తో బిగించి, బటన్ నొక్కి పరీక్ష చేసింది. అది పని చేసి ఉంటే గోపాలరావు పరుగెత్తే అవసరమే ఉండేది కాదు.

"పాడైపోయి ఉంటది అక్కా. ఎన్ని జూడలే మనం," అని శివ వైరు చుట్టలు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

నాచారం ఫ్లాట్‌లో గోపాలరావు తలుపు తీశాడు. అరవై ఒకటో ఏడు. బీమా ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా మాట అక్కడిదే. ఇంట్లోనే ఉన్నా చొక్కా ప్యాంటులోకి దోపి, ఆఫీసుకు బయల్దేరినవాడిలా ఉన్నాడు.

"రండి భవానిగారూ. ఫ్రిజ్ నడవట్లేదు కదా, చల్లటి నీళ్ళు ఇవ్వలేను."

"ఏం వద్దు సార్."

ఆ రోజు నుంచి ఫ్లాట్‌కు కరెంటు కట్ చేశారు. ఫ్యాన్లు కదలకుండా వేలాడుతున్నాయి. ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా మధ్యలో తువ్వాలు పెట్టి ఉంది. వంటింటి వెనక బాల్కనీ తలుపు తెరిచే ఉంది. మెషీన్‌ను పోలీసులు తీసుకుపోయారు. అది ఉన్నచోట నేల మీద నలుచదరంగా, మిగతా గచ్చుకంటే తెల్లగా, ఒక మచ్చ మిగిలింది. తీగ మీద బట్టల క్లిప్పులు అలాగే ఉన్నాయి.

"మీ అమ్మాయి గీతిక లేదా సార్?"

"సైనిక్‌పురిలో వాళ్ళ పిన్ని దగ్గరుంది. ఈ ఇంటికి రానంటోంది."

భవాని సంచిలోంచి ఉలి, సుత్తి తీసింది. మెయిన్ గోడ ముందు నిలబడింది. గోడ పొడుగునా నేల నుంచి సీలింగ్ దాకా నిలువు చారల పలక. ఎక్కడా అతుకు లేదు, సందు లేదు. నడుం ఎత్తున మాత్రం గోళ్ళ గీతలూ, చెంబు దెబ్బలకు పడ్డ సొట్టలూ ఉన్నాయి. కొన్ని గీతల్లో నెత్తురు ఎండి నల్లబడింది. వాటి వైపు చూసి కూడా ఆమె మనసులో ఏమీ కదల్లేదు. ఉలి ఏ అంచు నుంచి పెట్టాలా అని మాత్రం ఆలోచించింది.

రెండేళ్ళ కిందట సరిగ్గా ఇక్కడే కామాక్షి కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇంటికొచ్చినవాళ్ళు మొట్టమొదట ఆ ఇనప్పెట్టె మొహం చూడాలా భవానీ? ఏదో ఒకటి చెయ్యి. క్యాలెండరు తగిలిస్తాను, పోనీ."

"క్యాలెండర్ వద్దు మేడం, బట్ట వద్దు, ఫోటో ఫ్రేము వద్దు. దాసుకోవచ్చు గని, దానికో లెక్కుంటది."

"ఏవిటో చెప్పు మరి."

"తలుపు పెట్టాలె. తాళం ఉండొద్దు. ఎవ్వరైన సరే ఒక్క చేత్తోని తెరవాలె. ముంగట మూడడుగుల జాగా ఎప్పుడు ఖాళీ ఉండాలె, సోఫా గిట్ల జరపొద్దు. లోపల వేడి బయటికి పోనీకి కింద మీద గాలి సందులు. తలుపు మీద మెయిన్ అని రాసి ఉండాలె."

"రాయడం కూడానా? అందం పోదూ?"

"లోపలి దిక్కు రాస్త మేడం, బయట చిన్న ఎర్ర చుక్క పెడ్త. చీకట్ల గుడ చెయ్యి దానంతట అదే పోవాలె."

తలుపు బిగించిన రోజున కామాక్షి కళ్ళు మూసుకుని, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, వంటింటి గుమ్మం నుంచి నడిచి వచ్చి తలుపు నొక్కింది. అది టక్కున తెరుచుకుంది. చిన్నపిల్లలా మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మూడోసారి కూడా చెయ్యి సరిగ్గా చుక్క మీదే పడింది. "చూశావా, నాకు వచ్చేసింది," అంది.

ఉలి పక్క అంచులో దిగింది. జిగురు గట్టిగా పట్టుకుంది. గోపాలరావు సాయానికి వచ్చి పలక ఒక చివర పట్టుకున్నాడు. ఇద్దరూ మాట్లాడకుండా లాగారు. పావుగంటకు పలక నిలువునా చీలి ఊడి వచ్చింది.

వెనక తలుపు ఉంది. తాను పెట్టించిన తలుపే. ఎర్ర చుక్క మీద జిగురు చారలు ఎండి ఉన్నాయి.

భవాని నేల మీద కూర్చుండిపోయింది. పంతొమ్మిది రోజులుగా ఆమెకు తన మీదే నమ్మకం పోయింది. తలుపు పెట్టించానన్నది జ్ఞాపకమా, పెట్టించి ఉండాల్సిందన్న కోరికా అని తేల్చుకోలేకపోయింది. ఇప్పుడు తేలింది. అయినా గుండె తేలికపడలేదు.

"ఈ పలక ఎప్పుడేసిన్రు సార్?"

"ఆరు నెలలైంది." గోపాలరావు ఊడిన పలకను జాగ్రత్తగా గోడకు ఆనించాడు. "కామాక్షే వేయించింది. ఎదురు ఫ్లాట్‌లో వేయించుకున్నారు. మా గోడకి తలుపు గీత కనపడుతోందని దాని మీదుగానే వేసేయమంది. నేను అడిగాను కూడా, లోపల మెయిన్ ఉంది కదా అని. ఈమధ్య మనం దాన్ని ఎప్పుడు తెరిచాం గనక లెద్దురూ అంది. నేనూ ఊరుకున్నాను."

భవాని లేచి తలుపు నొక్కింది. జిగురు పట్టేసిన తలుపు రెండోసారి గట్టిగా నొక్కితే తెరుచుకుంది. లోపల మెయిన్ పెట్టె. వరసగా స్విచ్చులు. అన్నిటికీ ఎడమ పక్కన లీకేజీ బ్రేకర్. దాని మీట పైకే ఉంది.

సెల్లారులోనే కరెంటు కట్ చేశారని తెలిసినా అలవాటు కొద్దీ టెస్టర్ పెట్టి చూసింది. అప్పుడు గమనించింది. పెట్టె ముందు మూతకు నాలుగు స్క్రూలు ఉండాలి. రెండే ఉన్నాయి. మూత ఒక పక్కకు ఒరిగి వేలెడు సందు ఇచ్చింది. తాను అలా వదిలిపెట్టదు. తన తర్వాత ఎవరో తెరిచారు.

ఫోన్ లైటు వేసి సందులోంచి చూసింది.

వీధి నుంచి వచ్చే రెండు తీగలు బ్రేకర్ పైకి ఎక్కాలి, బ్రేకర్ కింద నుంచి ఇంట్లోకి పోవాలి. ఎక్కలేదు. రెండూ బ్రేకర్ పక్కనుంచి దాటిపోయి నేరుగా ఇంటి తీగలతో కలిసి ఉన్నాయి. పనివాళ్ళు డైరెక్ట్ చేయడం అంటారు దాన్ని. బ్రేకర్ ఊరికే అక్కడ కూర్చుంది. ఏం జరిగినా దానికి తెలిసే దారి లేదు.

కలిపిన చోట నల్ల టేపు చుట్టి ఉంది. టేపు కొసను చిన్న ముక్కోణంలా మడిచారు.

భవాని లైటు ఆర్పింది. మళ్ళీ వేసింది. మడత అలాగే ఉంది.

పద్నాలుగేళ్ళ కిందట శివకు టేపు చుట్టడం నేర్పుతూ తనే చెప్పింది: "కొసకు మడత పెట్టురా. రేపు ఇప్పేటోని గోరుకు దొరకాలె. మన తర్వాత వచ్చేటోడు గుడ మనసొంటోడే గదా." ఈ ఊళ్ళో ఇంకెవరూ అలా మడవడం ఆమె చూడలేదు. ఎవరికీ అంత ఓపిక ఉండదు.

ఆ ఇంటి పని అప్పజెప్పాక మళ్ళీ ఆ గడప తొక్కలేదని శివ తల్లి మీద ఒట్టేసి చెప్పాడు.

భవాని ఫోన్ దించింది. "సార్. నేను పోయినంక దీన్ని ఎవరన్న ఇప్పిన్రా?"

గోపాలరావు సోఫా అంచున కూర్చుని, చొక్కా చేతి గుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ తమ్ముడు," అన్నాడు చివరికి. "ఫోన్ చేసి పిలిచింది నేను."

భవాని అతని వైపు తిరిగింది.

"మెషీన్ వేసినప్పుడల్లా ఇల్లంతా ఆగిపోయేది. ఒక్కో రోజు మూడుసార్లు. నేను లేచి వచ్చి మీట ఎత్తడం, అది మళ్ళీ పడిపోవడం. కామాక్షి మెషీన్ బాగుచేసేవాణ్ణి పిలవమంది. నాకు విసుగొచ్చింది. ఈ బ్రేకర్ మరీ సున్నితంగా ఉంది, దాన్నే ఏదో ఒకటి చెయ్యమని మీ తమ్ముణ్ణి అడిగాను. కుర్రాడు మొదట వద్దన్నాడండీ. అబద్ధం చెప్పను. వద్దనే అన్నాడు. నేనే పట్టుబట్టాను."

"ఏమన్నడు సార్ వాడు?"

"రెండు రోజులకి డైరెక్ట్ చేస్తాను, ఈలోగా మెషీన్ బాగుచేయించుకోండి, ఫోన్ చేస్తే వచ్చి మళ్ళీ మామూలుగా పెడతానన్నాడు. అక్కకి మాత్రం చెప్పకండన్నాడు. ఆ తర్వాత ఇంక కరెంటు ఆగలేదు. ఆగకపోయేసరికి మెషీన్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రెండు నెలలకి ఆ పలక వేసేశారు. ఇంక కంటికే కనపడదు కదా."

బయట వీధిలో కూరగాయల బండివాడు మైకులో టమాటా ధర చెప్పుకుంటూ పోతున్నాడు. ఆ గొంతు దూరమైంది.

"ఇన్‌స్పెక్టర్‌కు చెప్పిన్రా సార్?"

"పెట్టె ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాడు. లేదన్నాను. సంతకం కూడా పెట్టాను." ఎవరిదో ఫైలు చదువుతున్నట్టు చెబుతున్నాడు. "గీతిక పక్కనే ఉంది అప్పుడు."

గోడ గడియారం వైపు చూశాడు. అది బ్యాటరీది, నడుస్తోంది. ఒకటిన్నర.

"దాన్ని మళ్ళీ బ్రేకర్‌కి కలపడానికి ఎంతసేపు పడుతుంది భవానిగారూ?"

"పది నిమిషాలు."

"కలిపేయండి."

భవాని అతని మొహంలోకి చూసింది. గోపాలరావు చూపు తిప్పుకోలేదు.

"బ్రేకర్ పాడైందనుకుంటారు. తలుపు ఉందని కళ్ళారా చూస్తారు. మీ పని సవ్యంగానే ఉందని తేలుతుంది. మీ తమ్ముడి పేరే రాదు. నేను బయటికి చెప్పను. మీరూ చెప్పకండి. రేపు గీతిక ఇంటికొస్తుంది. నాన్నా అని పిలుస్తుంది."

"మరి తప్పు ఎవరిది అనాలె సార్?"

"తలుపు మీద ఆ పలక వేయడం వల్లనే కదా నేను మెయిన్ ఆపలేకపోయింది."

"పలక వేయించింది మేడం."

"అవును."

"అంటే తప్పు మేడం మీదికి పోతది."

గోపాలరావు ఊడిన పలక వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆవిడకి ఇంక ఏం అంటుతుందమ్మా."

ఆ మాటకు భవానికి కోపం రావాలి. రాలేదు. పైగా ఆ మాటలో ఉన్న సుఖం ఆమెకు అర్థమైంది. అందరూ ఒడ్డున పడతారు. తల్లికి కొడుకు ఉంటాడు, కూతురికి తండ్రి ఉంటాడు, ఉప్పల్‌లో తన దుకాణం మీద తన పేరు ఉంటుంది. లేని మనిషి ఒక్కతే మోస్తుంది. ఆమె అడ్డం చెప్పదు.

చెయ్యి సంచిలోకి పోయింది. స్క్రూడ్రైవర్ దొరికింది. మూతకు మిగిలిన రెండు స్క్రూల్లో పైదాని మీద పెట్టి తిప్పింది. అర చుట్టు తిరిగింది.

అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకు అప్పుడు తెలియలేదు. వంటింటి గుమ్మం నుంచి కళ్ళు మూసుకుని నడిచి వస్తున్న కామాక్షి కనపడిందని అందామంటే అదీ లేదు. ఏమీ కనపడలేదు. అంత నొక్కి పట్టిన తన బొటనవేలు తనది కాదన్నట్టు, మొద్దుబారి ఉంది. ఈ వేలితో ఇప్పుడు ఏం చేసినా తనకు తెలియదు, ఎప్పటికీ తెలియదు అనిపించింది. ఆ ఆలోచనకే మొదటిసారి ఆమెకు భయం వేసింది.

స్క్రూను మళ్ళీ అర చుట్టు బిగించింది. ఉన్నది ఉన్నట్టు ఫోన్‌లో ఫోటోలు తీసింది. ముందు తలుపు, తర్వాత మూత, తర్వాత సందులోంచి టేపు మడత.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు గోపాలరావు లేచి నిలబడి.

"నేను దీన్ని ముట్టుకోను సార్. నాలుగింటికి ఆయనొచ్చి చూస్తడు. మీరు జెప్పేది మీరు జెప్పుండ్రి. నా తమ్ముని సంగతి నేను జెప్త."

"మీ వాడు జైలుకి పోతాడమ్మా."

"పోతడేమో."

"నేనూ..."

"గీతికకు ముందు మీరే ఫోన్ చేయండి సార్. ఇంకొకరి నోట వినొద్దు ఆ పిల్ల."

గోపాలరావు తిరిగి సోఫాలో కూర్చున్నాడు. ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కూతురి పేరు తెరిచి, నొక్కకుండా, దాని వంకే చూస్తూ ఉండిపోయాడు.

భవాని బాల్కనీలోకి వచ్చింది. నేల మీది తెల్ల మచ్చను తొక్కకుండా పక్కకు జరిగి, పిట్టగోడకు ఆనుకుని శివకు ఫోన్ చేసింది. మొదటి మోతకే ఎత్తాడు.

"శివా, నాచారం రా. నాలుగింటి లోపల."

"ఎందుకక్కా?"

"నీ మడత జూసిన."

అవతల డ్రిల్లింగ్ మోత వినిపిస్తోంది. శివ ఎవరితోనో ఆపమన్నాడు. మోత ఆగింది.

"అక్కా, ఆ సారు మస్తు బతిమిలాడిండు. రెండు దినాలే అన్నడు. నేను ఫోన్ జేస్తడనుకున్న. తర్వాత నేను గుడ మర్చిపోయిన. అమ్మ మీద ఒట్టు..."

"అమ్మ మీద ఒట్టు వెయ్యకు."

శివ ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి శవం దగ్గర కూడా ఇలాగే గొంతు బయటికి రాకుండా ఏడ్చాడు. భవాని అతను ఆగేదాకా ఫోన్ పట్టుకుని నిలబడింది.

"వచ్చి ఆయన ముంగట జెప్పు. నేను పక్కనే ఉంట," అంది.

"వస్త అక్కా. వస్త గని..."

"గని ఏంది?"

"గా ఒక్క ఇల్లే కాదక్కా."

భవాని పిట్టగోడ మీద చెయ్యి ఆనించింది.

"ఒక్కొక్కరు ఫోన్ జేస్తరు. బ్రేకర్ పడుతుంది, పిల్లల పరీక్షలున్నయి, ఇంటికి చుట్టాలొచ్చిన్రు, జర జూడు శివా అంటరు. నీకు జెప్తె ఒప్పుకోవు. రెండు రోజులకే అని చేసిన అందరికి. చెంగిచెర్లల చేసిన. అన్నోజిగూడ దిక్కు చేసిన. అన్నిట్ల మన వైరింగే. అన్నిటికి నీ సంతకమే."

"ఎన్ని ఇండ్లు రా?"

"పదకొండు."

"అడ్రసులు చెప్పు. ఒక్కొక్కటి చెప్పు, రాసుకుంట."

అవతల శివ గొణుగుతూ లెక్కపెట్టుకోవడం వినిపించింది.

"నాకు యాదికున్నయి తొమ్మిదే అక్కా."